ఎడమ ముడి

తిరగేసి పరవండి సేటు గారూ.
పైవైపు చూసి తివాచీ వయసు చెప్పేవాడు
పౌడరు చూసి పెళ్లికూతురి వయసు చెప్పేవాడు ఒకటే.

వెనకవైపు అబద్ధమాడదు.
బొటనవేలి గోరంత చోటులో
అరవై ముడులు లెక్కపెట్టాను.
కళ్లద్దాలు మారిస్తే ఇంకో రెండు దొరుకుతాయేమో.

ఇస్లాంపేటలో మా గదికి ఒకటే కిటికీ.
పదకొండింటి నుంచి ఒంటిగంటన్నర దాకా
ఎదురింటి డాబా మీది నీళ్ల ట్యాంకుకి తగిలి
వెలుతురు లోపలికొస్తుంది.
ఆ రెండున్నర గంటలే నా ఉద్యోగం.
మిగతా పొద్దంతా దారాల చిక్కు తీయడం, దగ్గడం.

ఈ ఎరుపు చూడండి,
ఇసక నేలలో మూరెడు లోతుకి దిగే చిరివేరు.
తవ్వినవాళ్ల గోళ్లు చచ్చేదాకా ఇదే రంగులో ఉండేవని
మా నానా చెప్పేవాడు.
నీలానికి నీలిమందు. పసుపుకి దానిమ్మ తొక్క.
నలుపు మాత్రం లేదు, అది ముందే పోయింది.
ఇనుప నీళ్లతో అద్దిన నలుపు
పట్టుని లోపల్నుంచి తినేస్తుంది.
అందుకే పువ్వులు ఇలా ఉబ్బెత్తుగా నిలబడ్డాయి,
చుట్టూ ఉన్న గీత అరిగిపోయాక.

మేం ఏలూరోళ్లం.
పడవ మీదొచ్చి బందరు రేవులో దిగిన నేతగాళ్ల సంతానమని
ఇంట్లో అందరూ అంటారు,
కాయితం ఎవరి దగ్గరా లేదు.
మగ్గం ముందు నలుగురు కూర్చుంటే
వెనక ఒకడు నిలబడి రంగులు పాడేవాడట:
రెండెరుపు, ఒక నీలం, వదిలెయ్, మళ్లీ ఎరుపు.
పాడేవాడికి తుమ్మొస్తే
పువ్వుకో రేక తక్కువయ్యేది.
ఇందులో మూడో వరసలో ఒక తుమ్ముంది.
అడిగితే చూపిస్తాను.

అప్పట్లో ఏలూరు కాలవలోనే ఉతికేవాళ్లం.
వదిలిన రంగు నీళ్లెంట పోయి
ఊళ్లో చుట్టాలకి మన కబురు చెబుతుందనేది అమ్మ.
ఇప్పుడా నీళ్లలో కాలు కూడా పెట్టం.
పంపునీళ్లు, కుంకుడు రసం.

ఇక్కడ, అంచుకి జానెడు లోపల,
మీ వేలికి తగిలింది నూలే.
మంగళగిరి నూలు, టీ డికాక్షన్‌లో ముంచింది.
ఎవరో చవగ్గా అతికారు, పీకెయ్, అన్నారు.
నూలుంటే పట్టు ధర రాదు. నిజమే.

ఎవరో కాదు.
ఈ ముడులు ఎడమకి తెరుచుకున్నాయి.
ఖైరున్నీసా. మా అమ్మ.
ఎడంచేత్తో అన్నం కలిపిందని
చిన్నప్పుడు ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేశారు.
తినడం మారింది.
రాయడం ఎలాగూ నేర్పలేదు.
ముడి మారలేదు.
అది ఏ బంగళాదో, ఏ వరద తర్వాతో,
పట్టు కొనే డబ్బుల్లేక
కట్టుకున్న చీర కొంగే విప్పుంటుంది.
తాగడానికి టీ లేని ఒక రోజున
గదంతా టీ వాసన, అదొక్కటే గుర్తు నాకు.

పీకేశాను సేటు గారూ.
మూడు నెలల అద్దె.
పదకొండొందల దాకా లెక్కపెట్టి ఆపేశాను.
అన్నీ అగ్గిపెట్టెల్లో ఉన్నాయి,
ఊపితే చప్పుడు రాదు.

కొత్తది పట్టే, మీరిచ్చిందే,
మిగిలింది తూకం సరిచూసుకోండి.
కుడిచేతి మీద కూర్చుని ఎడంచేత్తో కట్టాను.
మొదటి రోజు పదహారు ముడులు.
నాకు అరవై రెండు,
నా ఎడంచెయ్యి ఇంకా పసిది.
నలభై రోజులు పట్టింది.

ధరేం తగ్గదు, భయపడకండి.
పట్టు నూగు అంతా ఒకవైపు వాలుతుంది,
ఆ అరచేతి మేర రెండోవైపు.
కొన్నవాళ్లకి తెలీదు.
వాళ్లింట్లో ఊడ్చే ఆవిడకి తెలుస్తుంది.
రోజూ అక్కడికొచ్చేసరికి
చీపురు కాస్త ఎదురు తిరుగుతుంది.